తెరమీది లోలకం, దారానికి కట్టిన రాయి

ఒక టార్చి బల్బు, ఒక సెల్లు, రెండు వైరు ముక్కలు తీసుకుని బల్బు వెలిగేలా కలపండి. ఇప్పుడు మీ ఇంట్లో తొమ్మిదో తరగతో, పదో తరగతో చదువుతున్న పిల్లల్ని పిలిచి ఒక ప్రశ్న వేయండి. సెల్లు నుంచి బల్బుకు వెళ్ళే వైరులో కరెంటు ఎక్కువగా ఉంటుందా, బల్బు నుంచి తిరిగి సెల్లుకు వచ్చే వైరులో ఎక్కువగా ఉంటుందా, లేక రెండింటిలోనూ సమానమేనా?

వెళ్ళే వైరులోనే ఎక్కువ అని చెప్పేవాళ్ళు చాలామంది కనబడతారు. "కొంత బల్బు వాడేసుకుంది గదా!" అని కారణం కూడా చెబుతారు. ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. అనేక దేశాల్లో ఈ ప్రశ్న అడిగి చూసిన పరిశోధకులకు ఇదే జవాబు మళ్ళీమళ్ళీ ఎదురైంది. మన తెలుగులో మాత్రం దీనికి అదనంగా ఇంకో చిక్కుంది. గదిలో ఎవరూ లేకుండా ఫ్యాను తిరుగుతుంటే "కరెంటు ఊరికే కాలుతోంది, కట్టెయ్" అంటాం. కట్టెపుల్ల కాలినట్టు, కిరసనాయిలు కాలినట్టు కరెంటూ కాలిపోతుందన్న భావన మన నోటిమాటలోనే ఉంది. నిజానికి బల్బులోకి ఎన్ని ఎలక్ట్రాన్లు పోతాయో అన్నీ బయటికి వస్తాయి. కరెంటు అటూ ఇటూ సమానం. సెల్లు అందించిన శక్తి మాత్రం బల్బులో వేడిగా, వెలుగుగా మారిపోతుంది. మనం బిల్లు కట్టేది ఆ శక్తికే.

ఈ సంగతి ఉపాధ్యాయులు నల్లబల్లమీద రాస్తే పిల్లలు రాసుకుంటారు, పరీక్షలోనూ రాస్తారు. కాని లోలోపల నమ్మరు. వైరు లోపల జరిగేది కంటికి కనబడదు మరి! బల్బుకు రెండు వైపులా రెండు అమ్మీటర్లు పెట్టి చూపించవచ్చు అంటారా? మన బడుల్లో ఉండే అమ్మీటర్లు రెండూ ఒకే అంకె చూపిస్తే అది అదృష్టమనే చెప్పాలి. ఒకటి కొంచెం తక్కువ చూపిందా, "చూశారా, మేం ముందే చెప్పాం" అంటారు పిల్లలు.

సరిగ్గా ఇలాంటి చోటే కంప్యూటరు అక్కరకొస్తుంది. 2001లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్ మరుసటి ఏడాది అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే పథకాన్ని మొదలుపెట్టాడు. ఆయనకు బహుమతి తెచ్చిన పదార్థస్థితి పేరులో మన కలకత్తా సత్యేంద్రనాథ్ బోస్ పేరు ఉందన్నది పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఫెట్ తయారుచేసిన విద్యుద్వలయం పాఠంలో పిల్లలు తెరమీదే సెల్లునూ, బల్బునూ, వైర్లనూ కలుపుతారు. వైరు లోపల ఎలక్ట్రాన్లు చిన్నచిన్న గోళీల్లా వరుసగా కదులుతూ కనిపిస్తాయి. బల్బుకు ముందూ వెనకా వాటి వరుసలో తేడా ఉండదు. ఇంకో బల్బు జత చేస్తే గోళీలన్నీ ఒక్కసారిగా నెమ్మదిస్తాయి.

అదే విశ్వవిద్యాలయంలో చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2005లో వెలువడ్డాయి. భౌతికశాస్త్రం మొదటి కోర్సు చదువుతున్న విద్యార్థుల్లో ఒక జట్టుకు నిజమైన బల్బులూ వైర్లూ, ఇంకో జట్టుకు ఈ తెరమీది సామాను ఇచ్చారు. తర్వాత రెండు జట్లనీ నిజమైన వలయాన్ని కట్టి, అది పనిచేసే తీరు వివరించమన్నారు. తెరమీద నేర్చుకున్నవాళ్ళే మెరుగ్గా చేశారు! అంతవరకు అసలు వైరు పట్టుకోనివాళ్ళు కూడా. ఈ ఫలితం చూసి బడిలో ప్రయోగశాలకు తాళం వేసెయ్యవచ్చని తొందరపడేవాళ్ళు లేకపోలేదు. అది ఎందుకు పొరపాటో చూడబోయే ముందు, ఇలాంటి పని మన దేశంలో ఎక్కడ జరుగుతోందో ఒకసారి చూద్దాం.

ప్రేమ్ బజార్ గేటు దాటితే

పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్ ఉత్తరాంధ్ర వారికి పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి రైల్వే కొలువులకు, వర్క్‌షాపు పనులకు వెళ్ళిన కుటుంబాలు అక్కడే స్థిరపడి తరాలు గడిచాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటివ్వడానికి అంగీకరించిందంటే ముఖ్యంగా ఈ ఊరి తెలుగువారిని దృష్టిలో పెట్టుకునే.

ఆ ఊళ్ళో హిజిలీ ప్రాంతంలో ఉంది ప్రేమ్ బజార్. దాన్ని ఆనుకునే ఐఐటీ ప్రాంగణం, ఆ బజారు పేరుతోనే ఒక గేటు. 1951లో దేశంలోని మొట్టమొదటి ఐఐటీ పాఠాలు మొదలైంది హిజిలీ నిర్బంధ శిబిరం భవనంలో. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరపగా సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించింది అక్కడే. 1990లో ఆ భవనంలో నెహ్రూ పేరిట శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాల పెట్టారు.

ఇదే ప్రాంగణం నుంచి నడుస్తోంది భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయం. కేంద్ర విద్యాశాఖ నిధులతో ప్రయోగాత్మకంగా మొదలై, 2018 జూన్ 19న జాతికి అంకితమైంది. పేరు చూసి ఇదేదో పుస్తకాలన్నీ కుప్పపోసిన పెద్ద బీరువా అనుకోకండి. ఇందులో ప్రధానంగా ఉండేది పుస్తకాల ఆచూకీ. దేశంలోనూ బయటా ఉన్న వందలాది సంస్థల దగ్గరున్న పుస్తకాలు, వీడియో పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, ప్రయోగాలు ఏవి ఏ భాషలో ఉన్నాయి, ఏ తరగతికి తగినవి, ఎక్కడ దొరుకుతాయి అన్న వివరాలను ఒక పద్ధతిలో సేకరించి ఒకే కిటికీలో చూపిస్తుంది. పాతకాలం గ్రంథాలయంలో చెక్క సొరుగుల్లో కార్డులుండేవి గదా, ఆ సొరుగులన్నింటినీ ఒకచోట చేర్చినట్టన్నమాట. ఎనిమిదో తరగతి పిల్ల "ధ్వని" అని వెతికితే పరిశోధక విద్యార్థి చదవాల్సిన గ్రంథం వచ్చి మీద పడకుండా తరగతిని బట్టి జల్లెడ పట్టుకోవచ్చు.

2009లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన వర్చువల్ ల్యాబ్స్ పథకంలోనూ ఖరగ్‌పూర్ ఐఐటీ భాగస్వామి. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ కూడా అందులో ఉంది. అవి ముఖ్యంగా ఇంజినీరింగు, డిగ్రీ విద్యార్థుల కోసం. పాఠశాల పిల్లల కోసం అమృత విశ్వవిద్యాపీఠం, సీడాక్ సంస్థలు కలిసి ఓల్యాబ్స్ అనే ఆన్‌లైన్ ప్రయోగశాలను తయారుచేశాయి. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు పాఠ్యప్రణాళికలో ఉన్న ప్రయోగాలు అందులో ఉన్నాయి.

అంటే ప్రేమ్ బజార్లో టీ కొట్టు పక్కన నిలబడి ఫోను తెరిచిన పిల్లవాడికైనా, పలాసలో జీడిపప్పు బట్టీ పక్కన ఉండే పిల్లకైనా సరంజామా సమానంగానే అందుతుంది. ఐఐటీ గోడకు దగ్గరగా ఉన్నంత మాత్రాన అదనంగా వచ్చేదేమీ లేదు. ఆ సరంజామాతో ఏం చేస్తారన్నదే అసలు ప్రశ్న.

తెర వెనుక లెక్క

వీడియో పాఠానికీ, అనుకరణ ప్రయోగానికీ తేడా ముందుగా తెలుసుకోవాలి. అనుకరణ ప్రయోగం అంటే ఇంగ్లీషులో సిమ్యులేషన్ అనేది. వీడియోలో లోలకం ఎవరో ముందే గీసిపెట్టిన దారిలో ఊగుతుంది. అనుకరణలో లెక్క ప్రకారం ఊగుతుంది. ఈ క్షణాన లోలకం ఎంత కోణంలో ఉందో చూసి, ఆ కోణంలో దానిమీద గురుత్వం ఎంత లాగుతుందో కంప్యూటరు లెక్కగడుతుంది. దాన్నిబట్టి వేగం ఎంత మారిందో, వేగాన్నిబట్టి మరుక్షణం లోలకం ఎక్కడ ఉండాలో తేల్చి అక్కడ బొమ్మ గీస్తుంది. సెకనుకు అరవై సార్లు ఇదే పని. న్యూటన్ సూత్రాన్ని ఓపిగ్గా, విసుగు లేకుండా వాడటం తప్ప ఇందులో మాయ లేదు. అయితే ఈ చిన్నచిన్న అడుగుల్ని తెలివిగా వెయ్యాలి. అడుగు పెద్దదై, లెక్క మోటుగా ఉంటే తెరమీది లోలకం ఎవరూ తోయకుండానే ఊపుఊపుకీ ఇంకా పైకి ఎగరడం మొదలుపెడుతుంది. శక్తి నిత్యత్వ నియమం అక్కడ ఆవిరైపోతుంది!

కనుక తెరమీద కనిపించిందల్లా ప్రకృతి కాదు, ఎవరో రాసిన ప్రోగ్రాము. దాన్ని పరీక్షించడం ఎలా? లోలకంతోనే ఒక ఉపాయం ఉంది. మన పాఠ్యపుస్తకంలో చెప్పిన ప్రకారం ఒక మీటరు పొడవున్న లోలకానికి ఆవర్తన కాలం 2 సెకన్లకు రవ్వంత ఎక్కువ. పది డోలనాలకు 20.06 సెకన్లు. ఈ సూత్రం చిన్న కోణాలకే వర్తిస్తుందని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యాన్ని చాలామంది దాటవేస్తారు. లోలకాన్ని 10 డిగ్రీలు లాగి వదిలితే పది డోలనాల్లో వచ్చే తేడా సెకనులో ఇరవై అయిదో వంతు. చేతి గడియారానికి అది దొరకదు. అదే 60 డిగ్రీలు లాగి వదిలితే ఆవర్తన కాలం 7 శాతం పెరుగుతుంది. పది డోలనాలకు 21 సెకన్ల 5 పదులు పడుతుంది. ఒకటిన్నర సెకన్ల తేడా ఎవరికైనా దొరుకుతుంది.

మీ బడిలోకి వచ్చిన ప్రోగ్రాములో లోలకాన్ని 60 డిగ్రీలు లాగి వదలండి. అప్పుడూ 20.06 అనే చూపించిందనుకోండి, అది లోలకాన్ని లెక్కగట్టడం లేదు, పాఠ్యపుస్తకాన్ని కాపీ కొడుతోంది. అలాంటిదాన్ని బొమ్మగా చూసి ఆనందించవచ్చు గాని ప్రయోగశాల అనకూడదు. ఫెట్ వారి లోలకం ఈ పరీక్షలో నెగ్గుతుంది. డబ్బు పెట్టి కొన్న రంగురంగుల ప్యాకేజీల్ని కూడా ఇదే పరీక్షకు నిలబెట్టి చూడాలి.

ఇక దారానికి రాయి కట్టి దూలానికో, తలుపు గడపకో వేలాడదీయండి. పది డోలనాలకు ఒక పిల్ల 20.3 అంటుంది, ఇంకో పిల్లవాడు 19.8 అంటాడు, మూడోసారి 20.1. ఎప్పుడూ ఒకే అంకె రాదు. గడియారం నొక్కే వేలు మెదడు చెప్పిన తర్వాత కదలడానికి సెకనులో అయిదో వంతు తీసుకుంటుంది. ఒక్క డోలనాన్నే కొలిస్తే ఆ తప్పంతా జవాబు మీద పడుతుంది. పది డోలనాలు కొలిచి పదితో భాగిస్తే తప్పు కూడా పదో వంతవుతుంది. "పది ఎందుకు లెక్కపెట్టమంటారు సార్?" అని ఏనాడూ అడగని పిల్లలకు ఈ సంగతి రాయే నేర్పుతుంది. తెర నేర్పలేదు. తెరమీద ఎన్నిసార్లు కొలిచినా అదే 20.06. పొరపాటు అంటే ఏమిటో తెలియకుండా కొలత అంటే ఏమిటో తెలియదు.

మరి రాయి చెయ్యలేని పని తెర చేస్తుంది. గురుత్వాన్ని చంద్రుడి మీద ఉన్నంతకు తగ్గించండి. అదే మీటరు లోలకం ఒక్క ఊపుకు దాదాపు 5 సెకన్లు తీసుకుంటూ బద్ధకంగా ఊగుతుంది. ఏ బడి ప్రయోగశాలలోనూ ఇది సాధ్యం కాదు. వైరులో ఎలక్ట్రాన్లు కూడా అంతే. ఇక్కడ ఒక హెచ్చరిక. తెరమీద గోళీలు చకచకా పరుగెడతాయి గాని, ఒక చదరపు మిల్లీమీటరు మందం రాగి తీగలో ఒక ఆంపియరు కరెంటు ప్రవహిస్తున్నప్పుడు ఎలక్ట్రాన్లు ఒక మీటరు ముందుకు జరగడానికి దాదాపు 4 గంటలు పడుతుంది. మరి స్విచ్చి వేయగానే బల్బు ఎలా వెలుగుతుంది? తీగంతా ఎలక్ట్రాన్లు ముందే నిండి ఉన్నాయి, అన్నీ ఒకేసారి కదులుతాయి. గోళీలు చూపించిన ఉపాధ్యాయులు ఈ మాట కూడా చెప్పకపోతే పిల్లల బుర్రలోంచి ఒక అపోహ పోయి ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది.

డబ్బాలు వచ్చాయి

బడికి యంత్రం రావడం మనకు కొత్త కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు నడిచిన సైట్ ప్రయోగంలో అమెరికా ఇచ్చిన ఏటీఎస్ ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు చేరాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఉదయంపూట బడి పిల్లలకు విజ్ఞాన పాఠాలు వేసేవారు. తర్వాత 1984-85లో క్లాస్ పేరిట బీబీసీ మైక్రో కంప్యూటర్లు మొదటి విడతగా సుమారు 250 పాఠశాలలకు వచ్చాయి. ఆ తరంలో కంప్యూటరు గదులంటే చెప్పులు బయట విడిచి, గుడ్డ కప్పిన పెట్టెను దూరం నుంచి చూసి వచ్చే గుడిలాంటివి. దుమ్ము పడుతుందని భయం, పాడైతే ఎవరు జవాబు చెబుతారని అంతకంటే పెద్ద భయం.

ఇప్పుడు డబ్బాలకు కొదవ లేదు. 2017లో కేంద్రం దీక్ష వేదికను ప్రారంభించింది. పాఠ్యపుస్తకంలో అచ్చువేసిన చదరపు గుర్తును ఫోనుతో చూస్తే పాఠం తెరుచుకుంటుంది. మన రెండు రాష్ట్రాల పుస్తకాల్లోనూ ఈ గుర్తులు చేరాయి. 2020లో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ఛానళ్ళలో పాఠాలు చెప్పారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు పంచింది. ఆ పాఠాలిచ్చిన కంపెనీ 2024 జూలైలో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. ప్రజల సొమ్ముతో తయారయ్యే పాఠాలు ప్రజల చేతిలోనే ఉండాలని చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కర్లేదు.

యంత్రం ఉన్నంత మాత్రాన చదువు వస్తుందా? పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు తలా ఒక లాప్‌టాప్ ఇచ్చారు. 319 పాఠశాలలను పరిశీలించి 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం గణితంలోగాని, భాషలోగాని పిల్లలు మెరుగుపడిన దాఖలా కనిపించలేదు. దీనికి పూర్తిగా భిన్నమైన అనుభవం మన గుజరాత్‌లోని వడోదరలో ఎదురైంది. అక్కడ నాలుగో తరగతి పిల్లలు వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటరు చొప్పున గణితం ఆటలు ఆడారు. ఆ ఏడాది వారి మార్కులు గణనీయంగా పెరిగాయి. ఏడాది తిరిగేసరికి ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయిందని కూడా 2007లో ఆ అధ్యయనం ప్రకటించిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందమే చెప్పింది.

నాకు వీటికంటే ఆసక్తికరంగా తోచింది గుజరాత్‌లోనే లీ లిండెన్ చేసిన ఇంకో పరిశీలన. కొన్ని బడుల్లో ఉపాధ్యాయులు పాఠం చెప్పే వేళను తగ్గించి ఆ సమయంలో పిల్లల్ని కంప్యూటర్ల దగ్గర కూర్చోబెట్టారు. మరికొన్ని బడుల్లో పాఠం యథాతథంగా సాగింది, బడి వేళకు వెలుపల అదనంగా కంప్యూటరు ఇచ్చారు. సాఫ్ట్‌వేరు ఒకటే, పిల్లల వయసు ఒకటే. మొదటి రకం బడుల్లో పిల్లలు వెనకబడ్డారు, రెండో రకం బడుల్లో ముందుకు వెళ్ళారు. ఇవన్నీ గణితం, భాషల గురించి చేసినవి, విజ్ఞానశాస్త్రం గురించి కావు. అయినా ఉపాధ్యాయుల పక్కన నిలబడిన తెరకూ, ఉపాధ్యాయుల చోట కూర్చున్న తెరకూ ఉన్న తేడా విజ్ఞానశాస్త్రంలో ఇంకా ఎక్కువగానే ఉంటుందని నా నమ్మకం. గోళీల సంగతి ఇందాకే చూశాం.

ఉపాధ్యాయులు చేయాల్సింది కూడా బ్రహ్మవిద్య కాదు. బొమ్మ కదిలించే ముందు "ఏం జరుగుతుందో చెప్పండి, కాగితం మీద రాయండి" అనాలి. రాశాక కదిలించాలి. రాసినదీ, చూసినదీ ఎందుకు తేడా వచ్చాయో పక్కవాళ్ళతో వాదించుకోనివ్వాలి. ఆస్ట్రేలియాకు చెందిన వైట్, గన్‌స్టోన్‌లు 1992లో ఈ పద్ధతిని పుస్తకంగా రాశారు. మాట ఇచ్చి తప్పినప్పుడు కలిగే చిరాకే అందులో కీలకం. రెండో బల్బు కలిపితే మొదటి బల్బు వెలుగు తగ్గదని కాగితం మీద రాసిన పిల్ల అది తగ్గడం చూసి ఊరుకోదు. ముందు ఏమీ రాయకుండా చూసిన పిల్ల "ఓహో, అలాగా" అని ఊరుకుంటుంది.

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో ఈ దారిన ఒక ప్రయత్నం జరిగింది. టాటా ట్రస్టుల సహాయంతో టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అమెరికాలోని ఎంఐటీ కలిసి 2015లో క్లిక్స్ అనే కార్యక్రమం చేపట్టాయి. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, మిజోరంలతోపాటు తెలంగాణలోనూ ఉన్నత పాఠశాలల పిల్లలకు గణితం, విజ్ఞానశాస్త్రం, ఇంగ్లీషు పాఠాలు తయారుచేశారు. అవి తెలుగులోనూ వచ్చాయి. నెట్ లేకపోయినా బడి కంప్యూటర్లలోనే నడిచేలా, పిల్లలు జట్టుగా కూర్చుని మాట్లాడుకుంటూ చేసేలా వాటిని రూపొందించారు. 2017 సంవత్సరానికి యునెస్కో రాజు హమద్ బహుమతి ఈ కార్యక్రమానికి లభించింది.

ఏ తెలుగులో?

పాఠం తెలుగులో ఉందనగానే సమస్య తీరిపోదు. అనువాదం చేసే నాలాంటివాళ్ళకు ఇది రోజూ తగిలే ముల్లు. ఫెట్ ప్రయోగాల్లో కొన్ని తెలుగులో దొరుకుతాయి. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ళు తెరమీది మాటల్ని ఒక్కొక్కటిగా తెలుగులోకి మార్చే ఏర్పాటు అందులో ఉంది. వ్యాసంలో ఒక మాట అటూఇటూ అయినా పక్క వాక్యం సర్దిపెడుతుంది. బొత్తాం మీద మాటకు పక్క వాక్యం ఉండదు. బొత్తాం మీద ద్రవ్యరాశి అని ఉండాల్సిన చోట బరువు అని రాశామనుకోండి, చంద్రుడి మీదికి తీసుకెళ్ళినా ఆ అంకె మారకపోవడం చూసి పిల్లలు తికమకపడతారు. ఉష్ణోగ్రత ఉండాల్సిన చోట వేడి అని రాసినా అంతే. బలం, శక్తి, సామర్థ్యం అన్న మూడింటినీ ఇంట్లో ఒకే అర్థంలో వాడుకుంటాం, భౌతికశాస్త్రంలో మూడూ మూడు రాశులు. కరెంటు సంగతి మొదట్లోనే చూశాం. నన్నడిగితే తెరమీద విద్యుత్ ప్రవాహం అని రాసి, పక్కనే కరెంటు అనీ రాయాలి. ఒకటి పాఠ్యపుస్తకంలోంచి వచ్చిన పిల్లకు, ఇంకొకటి ఇంట్లోంచి వచ్చిన పిల్లకు.

ఖరగ్‌పూర్ లాంటి ఊళ్ళో తెలుగు ఇంటి పిల్లల పరిస్థితి ఇంకా చిత్రమైనది. అమ్మతో తెలుగు, వీధిలో బెంగాలీ, హిందీ, పాఠం ఇంగ్లీషులోనో ఇంకో భాషలోనో. కాగితం మీద అచ్చయిన పుస్తకానికి ఒకటే భాష. తెరకు ఆ నిర్బంధం లేదు, ఒక్క నొక్కుతో భాష మారుతుంది. ఆ పిల్లలు అదే లోలకాన్ని ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి ఊపి, బడిలో విన్న మాటకు ఇంట్లో మాట ఏదో తామే పోల్చుకోవచ్చు. డిజిటల్ పరికరాల గురించి చెప్పుకునే గొప్పల్లో దీన్ని ఎవరూ పెద్దగా తలచుకోరు గాని, రాష్ట్రం దాటిన తెలుగు పిల్లలకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే పనికొచ్చే సుగుణం ఇదే.

రెండు ఫోన్లు, రెండు చప్పట్లు

తెరా, రాయీ రెండూ కలిసే చోటు కూడా ఒకటుంది. చేతిలోని ఫోనులో త్వరణాన్ని, అయస్కాంత క్షేత్రాన్ని, ధ్వనిని కొలిచే పరికరాలు ఇమిడి ఉంటాయి. జర్మనీలోని ఆకెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం 2016లో ఫైఫాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము విడుదల చేసింది. అది ఫోనును కొలత పరికరంగా మార్చేస్తుంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఇక్కడ తెర చూపించేది ఎవరో రాసిన లెక్క కాదు, మీ గదిలో నిజంగా జరిగినది.

దానితో ధ్వని వేగం కొలవండి. ఫైఫాక్స్‌లో చప్పుడుతో మొదలై చప్పుడుతో ఆగే గడియారం ఉంటుంది. రెండు ఫోన్లలోనూ దాన్ని తెరిచి, వాటిని సరిగ్గా 5 మీటర్ల దూరంలో నేలమీద పెట్టండి. మొదటి ఫోను దగ్గరున్న పిల్ల చప్పట్లు కొడుతుంది. ఆమె ఫోను వెంటనే మొదలవుతుంది, రెండోది ధ్వని అక్కడికి చేరాక మొదలవుతుంది. తర్వాత రెండో ఫోను దగ్గరున్న పిల్లవాడు చప్పట్లు కొడతాడు. అతని ఫోను వెంటనే ఆగుతుంది, మొదటిది ధ్వని తిరిగి వచ్చాక ఆగుతుంది. రెండు ఫోన్లు చూపే కాలాల్లో తేడా ఎంతో, ధ్వని 10 మీటర్లు వెళ్ళడానికి పట్టే సమయం అంత. రెండు గడియారాల్నీ ఒకదానితో ఒకటి సరిచేయాల్సిన పనే లేకుండా పోయింది చూశారా!

గాలి ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటే ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్ల వేగంతో పోతుంది. కాబట్టి తేడా సుమారు 29 మిల్లీసెకన్లు రావాలి. ఖరగ్‌పూర్ స్టేషన్లోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం చాలాకాలం ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరుపొందింది, 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటింది. ఒక చివర కూత మోగితే రెండో చివర వినబడటానికి 3 సెకన్లు పైనే పడుతుంది. అంత పొడవు ఉంటే ఫోను అక్కర్లేదు, చేతి గడియారమే చాలు. బడి వరండాలో 5 మీటర్లే ఉంటాయి గనుక ఫోను కావాలి.

పిల్లలకు 349 రాదు. 338 వస్తుంది, 361 వస్తుంది. అప్పుడు అసలు పని మొదలవుతుంది. టేపు పట్టడంలో 10 సెంటీమీటర్లు తేడా వచ్చినా జవాబులో 2 శాతం, అంటే 7 మీటర్లు మారిపోతుంది. చప్పట్లు ఫోనుకు మూరెడు పక్కన కొట్టారా, సరిగ్గా పైన కొట్టారా? పక్క తరగతిలో బల్ల జరిపిన చప్పుడుకు గడియారం ముందే మొదలైందా? అయిదుసార్లు చేసి సగటు తీయమనండి. తర్వాత దూరం 10 మీటర్లకు పెంచమనండి. ఎందుకు పెంచమన్నారో లోలకాన్ని పదిసార్లు లెక్కపెట్టిన పిల్లలు చెబుతారు.